ఆ బ్రోషర్‌లో లేని లెక్క

బుధవారాలు మా ఆసుపత్రిలో సదరం క్యాంపు. మొన్న ఆ రద్దీ కాస్త తగ్గాక ఒకావిడ నాలుగో తరగతి చదివే కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. పిల్లవాడు చురుకైనవాడే. నోటి లెక్కలు చకచకా చెప్పేశాడు. పుస్తకం చేతికిస్తే మాత్రం 'పలక' దగ్గరే ఆగిపోయాడు. 'ప'... 'ల'... అని కూడబలుక్కుని, ఆఖరికి ఊహించి 'పలుకు' అన్నాడు. అన్నాక నా వైపు కాదు, అమ్మ ముఖం వైపు చూశాడు. డిస్లెక్సియా ఉన్న పిల్లల దగ్గర ఈ చూపు నాకు బాగా పరిచయం.

ఆవిడ వచ్చింది సర్టిఫికెట్ కోసం కాదు. బ్యాగులోంచి నిగనిగలాడే బ్రోషర్ ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. హెడ్‌ఫోన్లు, రంగు దీపాలు, ఊగే చెక్క మీద నిలబడి చేసే బ్యాలెన్స్ వ్యాయామాలు, అన్నీ కలిపి నలభై ఎనిమిది సిట్టింగుల 'బ్రెయిన్ ట్రైనింగ్' ప్యాకేజీ. పదిమందిలో తొమ్మిదిమందికి చదువు మెరుగైందని, పరిశోధనల్లో రుజువైందని పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. ఫీజు అరవై వేల పైచిలుకు. గొలుసు బ్యాంకులో పెట్టి ఇరవై వేలు అడ్వాన్సు కట్టేశారట.

"మిగతాది కట్టేముందు ఒక్కమాట మిమ్మల్ని అడుగుదామని వచ్చాను సార్."

"ఆ పరిశోధన ఎక్కడ అచ్చయిందో అడిగారా అమ్మా?" అన్నాను.

నా ముందే ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. "అది మా ఇంటర్నల్ డేటా మేడమ్, బయటికి ఇవ్వం" అన్నారు అవతలివాళ్లు.

మందుల కంపెనీ ప్రతినిధి ఎవరైనా నాతో ఈ మాట అంటే బయటికి పంపించేస్తాను. అదే మాట ఒక తల్లితో అంటే చెల్లిపోతోంది. నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న పిల్లల మీద జరిగే పరిశోధనల గురించి పదేళ్లుగా ప్రపంచవ్యాప్తంగా నడుస్తున్న 'ఓపెన్ సైన్స్' చర్చకు మూలం ఈ తేడాయే. ఏం కొలవబోతున్నామో ముందే చెప్పడం, వాడిన పద్ధతినీ వచ్చిన అంకెలనూ అందరి ముందూ పెట్టడం, ఫలితం వచ్చినా రాకపోయినా అచ్చు వేయడం, ఆ పత్రాన్ని ఎవరైనా ఉచితంగా చదవగలగడం. ఓపెన్ సైన్స్ అంటే క్లుప్తంగా ఇదే. వినడానికి ప్రొఫెసర్ల వ్యవహారంలా ఉంటుంది కానీ, ఆ గొలుసు తాకట్టుకు వెళ్లిందీ ఇది లేకపోబట్టే.

నేను రాసిన సిరప్

ఆ బ్రోషర్ చూసి నవ్వే అర్హత నాకు లేదు. నేనూ ఒకప్పుడు ఇలాంటి దారిలో నడిచినవాడినే.

2012లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 'డోలాబ్' అనే అధ్యయనం ప్రచురించారు. చదవడంలో వెనకబడిన 7 నుంచి 9 ఏళ్ల పిల్లలు 362 మందిని తీసుకున్నారు. కొందరికి నాచు నుంచి తీసిన డీహెచ్ఏ రోజుకు 600 మిల్లీగ్రాముల చొప్పున 16 వారాలు ఇచ్చారు. మిగతావారికి చూడ్డానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. డీహెచ్ఏ అంటే చేపనూనెలో ఉండే ఒమేగా-3 కొవ్వుల్లో ఒకటి. మన మందుల షాపుల్లో పిల్లల 'మెమరీ' సిరప్పుల డబ్బాల మీద మీకు కనిపించే పేరు ఇదే.

ఫలితం ఏమిటి? పిల్లలందరినీ కలిపి చూస్తే చదవడంలో తేడా రాలేదు. అందరికంటే వెనకబడిన అయిదో వంతులోకి వచ్చే 224 మందిని విడిగా చూస్తే మాత్రం కొంత మెరుగు కనిపించింది. నా దాకా వచ్చింది ఈ రెండో వాక్యమే. మొదటి వాక్యం ఎవరూ చెప్పలేదు, నేనూ వెతకలేదు. కొన్నేళ్లపాటు చదువులో వెనకబడ్డారని వచ్చిన పిల్లలకు ఆ సిరప్ రాస్తూ పోయాను. రోజుకూలీ చేసే తల్లిదండ్రులు కూడా నా చీటీ పట్టుకుని బయట కొనుక్కున్నారు, ఆసుపత్రి ఫార్మసీలో ఉండదు కాబట్టి.

2018లో అదే పరిశోధక బృందం పాత ఫలితాన్ని మళ్లీ పరీక్షకు పెట్టింది. ఈసారి మొదటి నుంచీ అట్టడుగు అయిదో వంతు పిల్లలనే, 376 మందిని తీసుకున్నారు. అదే మోతాదు, అవే 16 వారాలు. చదవడం మెరుగుపడలేదు. జ్ఞాపకశక్తి మెరుగుపడలేదు. ప్రవర్తనలోనూ తేడా లేదు. అధ్యయనానికి డబ్బు ఇచ్చింది డీహెచ్ఏ తయారుచేసే సంస్థే. అయినా ఫలితం తొక్కిపెట్టలేదు. ఎవరైనా డబ్బు కట్టకుండా చదవగలిగే పత్రికలో వేశారు. నేను దాన్ని నైట్ డ్యూటీలో ఫోన్‌లో చదివాను. చదివిన తర్వాత ఆ సిరప్ రాయడం మానేశాను. అదే పత్రం వేల రూపాయలు కడితేగానీ తెరుచుకోని పత్రికలో వచ్చి ఉంటే, ఇంకా రాస్తూనే ఉండేవాడినేమో.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. 2012లో ఆ 224 మందిని విడదీసి చూడటం మోసం కాదు. అలా చూస్తామని వాళ్లు ముందే అనుకున్నారు. అయినా తప్పింది. ఒక బుట్ట మామిడికాయల్ని నాలుగు కుప్పలుగా పోస్తే ఏదో ఒక కుప్పలో పెద్ద కాయలు ఎక్కువ పడతాయి. ఆ కుప్పలో ఏదో మహత్తు ఉందని అనుకోకూడదంతే. మళ్లీ పోసి చూడాలి. నిజాయతీపరుల విషయంలోనే మళ్లీ చూడాల్సిన అవసరం ఉంటే, లెక్క చూపించడానికే ఒప్పుకోనివాళ్ల సంగతి వేరే చెప్పాలా?

పదిలో తొమ్మిది ఎక్కడినుంచి వస్తుంది?

బ్రోషర్‌లోని ఆ తొమ్మిదిమందిని ఎవరూ కల్పించి ఉండకపోవచ్చు. నిజంగానే మెరుగై ఉండొచ్చు. ఎనిమిదేళ్ల పిల్లవాడు ఆరు నెలల్లో ఏ థెరపీ లేకపోయినా కొంత నేర్చుకుంటాడు. పైగా తల్లిదండ్రులు సెంటర్‌కు పరుగెత్తేది పిల్లవాడి పరిస్థితి మరీ దిగజారినప్పుడే. యూనిట్ టెస్టులో సున్నా వచ్చిన వారమే. అక్కడి నుంచి ఎటు కదిలినా పైకే. మధ్యలో మానేసినవాళ్లు లెక్కలోకి రారు. ఆఖర్న పరీక్ష పెట్టేది కూడా ఫీజు తీసుకున్నవాళ్లే. ఇవన్నీ పక్కకు పెట్టి అసలు థెరపీ వల్ల ఎంత వచ్చిందో తెలియాలంటే ఒకటే దారి. అలాంటి పిల్లలే మరికొందరు, ఆ థెరపీ తీసుకోనివాళ్లు, పక్కన ఉండాలి. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో చీటీలు తీసినట్టు నిర్ణయించాలి.

బ్రిటన్‌లో ఒక ఉదంతం దీనికి మంచి పాఠం. డిస్లెక్సియాకు కారణం చిన్నమెదడు సరిగా ఎదగకపోవడమేనని, బ్యాలెన్స్ వ్యాయామాలతో సరిచేస్తామని 'డోర్' అనే ప్రోగ్రామ్ అక్కడ బాగా నడిచింది. 2003లో దాని మీద 'డిస్లెక్సియా' అనే పత్రికలోనే ఒక అధ్యయనం వచ్చింది. పిల్లలు 35 మంది. వాళ్లలో ఎక్కువమందికి డిస్లెక్సియా నిర్ధారణే కాలేదు. పోలిక కోసం పెట్టిన గుంపుకు కూడా ఆరు నెలల తర్వాత అదే వ్యాయామం మొదలుపెట్టేశారు. అంటే దీర్ఘకాలంలో పోల్చడానికి ఎవరూ మిగల్లేదు. 2006లో కొనసాగింపు పత్రం వచ్చినప్పుడు విమర్శలు చెలరేగి, ఆ పత్రిక సంపాదకవర్గం నుంచి కొందరు రాజీనామా చేశారు. 2008లో బ్రిటన్ కంపెనీ మూతపడింది. ముందే డబ్బు కట్టిన కుటుంబాలు చిక్కుల్లో పడ్డాయి. రంగుటద్దాలదీ ఇదే వరస. డిస్లెక్సియాకు కంటి వ్యాయామాలు, రంగు కళ్లద్దాలు పనిచేస్తాయనడానికి శాస్త్రీయ ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం, కంటి వైద్యుల సంఘాలు కలిసి 2009లోనే ప్రకటించాయి. మన నగరాల్లో ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నారు. వేలిముద్రలు చూసి పిల్లవాడి తెలివితేటలు చెప్పే డీఎంఐటీ పరీక్షల గురించి రాస్తే నా బీపీ పెరుగుతుంది, వదిలేస్తాను.

వైద్యరంగం మాత్రం ఎప్పుడూ నిప్పులా ఉందా అంటే, లేదు. గుండెజబ్బులపై అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి డబ్బిచ్చి చేయించిన పెద్ద ప్రయోగాలను ఇద్దరు పరిశోధకులు 2015లో తిరగేశారు. 2000కు ముందు అచ్చయిన 30లో 17 ప్రయోగాలు చికిత్స పనిచేసిందన్నాయి. ఆ తర్వాత వచ్చిన 25లో అలా అన్నవి రెండే. మందులు అకస్మాత్తుగా పనిచేయడం మానలేదు. 2000 ప్రాంతం నుంచి ఏం కొలవబోతున్నారో ముందుగా ప్రభుత్వ రిజిస్టర్‌లో రాసిపెట్టాల్సి వచ్చింది. బాణం వేసిన తర్వాత దాని చుట్టూ గురి గీసుకునే వెసులుబాటు పోయింది. మన దేశంలోనూ 2007లో ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో సీటీఆర్ఐ అనే రిజిస్టర్ మొదలైంది. 2009 నుంచి మందుల ప్రయోగాలను అందులో నమోదు చేయడం తప్పనిసరి. అది ఎవరైనా ఇంట్లో కూర్చుని చూడొచ్చు.

బడి పరిశోధనలు ఈ విషయంలో వెనకబడ్డాయి. చదువులకు సంబంధించిన పేరున్న వంద పత్రికల్లో వచ్చిన వ్యాసాలను 2014లో ఇద్దరు పరిశోధకులు లెక్కగడితే, పాత ఫలితాన్ని మళ్లీ పరీక్షించిన పత్రాలు 0.13 శాతం. అంటే వెయ్యికి ఒకటీ అరా. మళ్లీ చూస్తే ఏమవుతుందో 2015లో మనస్తత్వశాస్త్రం చూపించింది. వంద అధ్యయనాలను తిరిగి చేస్తే, మూడింట ఒక వంతుకు కాస్త పైగా మాత్రమే నిలబడ్డాయి. ఈ దెబ్బతో పుట్టిన ఒక మార్పు నాకు చాలా నచ్చింది. కొన్ని పత్రికలు ఇప్పుడు ఫలితం రాకముందే, ప్రణాళిక చూసి పత్రాన్ని ఖాయం చేస్తున్నాయి. ఫలితం ఎటు వచ్చినా వేస్తామని ముందే మాట ఇస్తాయన్నమాట. మనస్తత్వశాస్త్రంలో మామూలు పత్రాల్లో 96 శాతం 'మా ఊహ నిజమైంది' అంటుంటే, ఈ పద్ధతిలో వచ్చినవాటిలో అలా అన్నవి 44 శాతమేనని 2021లో తేలింది.

బ్రిటన్, అమెరికాల్లో రెండు సంస్థలు బడుల్లో చేయించిన 141 పెద్ద ప్రయోగాల ఫలితాలు, మంచివీ చెడ్డవీ అన్నీ బయటపెట్టారు కాబట్టి, 2019లో ఒకచోట కూడి చూడగలిగారు. 12 లక్షల మందికి పైగా పిల్లలు. సగటు లాభం ఎంతంటే, వందమంది వరసలో యాభయ్యో స్థానంలో ఉన్న పిల్లవాడు యాభై రెండు, యాభై మూడు దాకా వెళ్లడం. అంతే. బ్రోషర్లలో ఎగిరే అంకెలను ఈ అంకె పక్కన పెట్టి చూడండి.

మన పల్లెల్లో జరిగిందే

ఇది తెల్లవాళ్ల గొడవ అనుకోవద్దు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు రాష్ట్ర ప్రభుత్వ సహకారంతో బడుల మీద వరుసగా ప్రయోగాలు చేశారు. వాటిలో బాగా ప్రచారం పొందింది, పిల్లల మార్కులను బట్టి టీచర్లకు బోనస్ ఇస్తే చదువు మెరుగైందన్నది. నాకు ఇష్టమైనది ఇంకొకటి. వంద బడుల్లో టీచర్లకు ప్రతి పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో వివరంగా రిపోర్టులు ఇచ్చారు. చూడటానికి ఎవరైనా వెళ్తే టీచర్లు మరింత శ్రద్ధగా చెబుతూ కనిపించారు. ఏడాది చివర పరీక్ష పెడితే, రిపోర్టులు ఇవ్వని బడులకూ వీటికీ తేడా లేదు. ఈ 'పనిచేయలేదు' అన్న ఫలితాన్ని 2010లో అచ్చు వేశారు. రిపోర్టు ఒక్కటే ఇస్తే చాలదని మనకు తెలిసింది. ఇవాళ యాప్‌లో రంగురంగుల 'డయాగ్నస్టిక్ రిపోర్ట్' చూపించి డబ్బు అడిగేవాళ్లకు ఈ పత్రం చూపించాలి.

180 గ్రామాల్లో మరో ప్రయోగం. పేద పిల్లలకు లాటరీ తీసి ప్రైవేటు బడిలో చదువుకునే అవకాశం ఇచ్చారు. నాలుగేళ్ల తర్వాత తెలుగు, లెక్కల్లో ప్రభుత్వ బడి పిల్లలకు, వీళ్లకు తేడా లేదు. హిందీలో ప్రైవేటు పిల్లలు ముందున్నారు. ప్రైవేటు బడికి ఒక్కో పిల్లవాడిపై అయిన ఖర్చు మాత్రం ప్రభుత్వ బడిలో మూడో వంతు కూడా లేదు. ప్రైవేటు బడి అభిమానులకూ, ప్రభుత్వ బడి అభిమానులకూ పూర్తిగా నచ్చని ఫలితం ఇది. అచ్చు వేశారు కాబట్టే మనం వాదించుకోగలుగుతున్నాం.

డిస్లెక్సియా విషయంలో మనకు లేనిది ఇలాంటి సొంత లెక్కే. మన దగ్గరికి వచ్చే పిల్లలను చాలాచోట్ల ఇంగ్లీషు పదాలతోనే పరీక్షిస్తున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో అరకొర ఇంగ్లీషు. ఆ పిల్లవాడు ఇంగ్లీషు పేరా చదవలేకపోతే అది డిస్లెక్సియానా, ఆ భాషే రాకపోవడమా? రెండింటికీ చేయాల్సిన పని వేరు. మన లిపి కూడా వేరు. ఇంగ్లీషుకు 26 అక్షరాలు. మనకు అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు కలిపితే పిల్లవాడు గుర్తుపట్టాల్సిన ఆకారాలు వందల్లోకి వెళ్తాయి. మన లిపికి అక్కచెల్లెలు వంటి కన్నడంలో సోనాలి నాగ్ చేసిన అధ్యయనంలో, మామూలు పిల్లలకే అక్షరాలన్నీ పట్టుబడటానికి నాలుగైదు తరగతులదాకా పడుతోందని తేలింది. ఇంగ్లీషు కొలతబద్ద పెట్టి రెండో తరగతి పిల్లవాడికి ముద్ర వేయడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో తెచ్చిన 'డాలి' పరీక్షలు హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషల్లో మొదలయ్యాయి. ఒక భాషకు తయారైన పరీక్ష, దాని వెనక అంకెలు బహిరంగంగా ఉంటే ఇంకో భాషవాళ్లు దాని మీద కట్టుకోవచ్చు. లేకపోతే ప్రతిచోటా పునాది నుంచే తవ్వుకోవాలి. అమెరికాలో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీవాళ్లు నడిపే 'ఎల్‌డీబేస్' అచ్చంగా ఇందుకే ఉంది. నేర్చుకోవడంలో ఇబ్బందులపై జరిగిన అధ్యయనాల అసలు అంకెలను అక్కడ పోగుచేసి ఉచితంగా ఇస్తున్నారు.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక న్యాయమైన భయం ఉంటుంది. మా పిల్లవాడి వివరాలు ఊరందరికీ తెలిసిపోతాయా అని. కొట్టిపారేయాల్సిన భయం కాదు. పేరు తీసేస్తే చాలదు. ఫలానా మండలంలో, ఫలానా బడిలో, అయిదో తరగతిలో డిస్లెక్సియా ఉన్న ఒకే ఒక్క అమ్మాయి అంటే పేరు చెప్పినట్టే. రేపు సంబంధాలు చూసే రోజున ఆ కాగితం బయటికి వస్తే? అందుకే సరిగా చేసేవాళ్లు ఊరు, బడి, పుట్టినతేదీ కూడా తీసేస్తారు. కొన్నిటిని పరిశోధకులకు మాత్రమే, ఒప్పందం మీద ఇస్తారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఎవరైనా సర్వే ఫారం ఇచ్చి సంతకం అడిగితే, ఈ వివరాలు ఎవరి దగ్గర ఎన్నాళ్లు ఉంటాయని అడగండి. చెప్పలేకపోతే సంతకం పెట్టకండి. విచిత్రం ఏమిటంటే, 'ఇంటర్నల్ డేటా' బయటికి ఇవ్వమన్న ఆ సెంటర్ బ్రోషర్ మీదే నలుగురు పిల్లల ఫొటోలు పేర్లతో సహా ఉన్నాయి.

తాజాగా రెండు పరిణామాలు. కేంద్రం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పేరుతో మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు పెట్టి, 2025 జనవరి నుంచి దాదాపు 13,000 విదేశీ, స్వదేశీ పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి తెచ్చింది. మెడికల్ కాలేజీల్లో చదివే పిల్లలకు మేలే. కానీ ఇది తాళంచెవి కొనడమే తప్ప తలుపు తీసేయడం కాదు. బుధవారం నా దగ్గరికి వచ్చిన తల్లికి ఆ పత్రికలు అప్పుడూ మూసే ఉన్నాయి, ఇప్పుడూ మూసే ఉన్నాయి. రెండోది అమెరికా సంగతి. అక్కడ విద్యా పరిశోధనలకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఐఈఎస్. ఏ పద్ధతి పనిచేస్తుందో, ఏది చేయదో ఉచితంగా చెప్పే సైటు దానిదే. 2025 ఫిబ్రవరిలో దాని కాంట్రాక్టులు 89 రద్దుచేశారు, విలువ దాదాపు 88 కోట్ల డాలర్లు. తర్వాతి నెలలో ఉద్యోగులనూ భారీగా తగ్గించారు. అక్కడ ఉన్న మన పిల్లల పిల్లలకే కాదు, ఇక్కడ ఫోన్‌లో ఆ సైటు చూసి రోగికి సలహా చెప్పే నాలాంటివాళ్లకూ అది నష్టమే.

ఇంతకీ ఆ తల్లికి ఏం చెప్పాను? చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలపై చీటీలు తీసి చేసిన 22 ప్రయోగాలను 2014లో జర్మన్ పరిశోధకులు ఒకచోట పెట్టి చూస్తే, గట్టిగా నిలబడింది ఒకటే పద్ధతి. అక్షరానికీ ధ్వనికీ ఉన్న లంకెను క్రమపద్ధతిలో, ఓపిగ్గా నేర్పడం. ప్రచురణకు నోచుకోని అధ్యయనాల ప్రభావాన్ని లెక్కలోకి తీసుకుంటే దాని లాభం కూడా కొంత తగ్గుతుందని వాళ్లే రాశారు. నాకు వాళ్ల మీద నమ్మకం కలిగింది అక్కడే. రోజూ ఇరవై నిమిషాలు, ఒక గుణింతం పూర్తిగా వచ్చాకే మరొకటి, వత్తులు తర్వాత, తిట్టకుండా. వీలైతే శిక్షణ ఉన్న స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గర. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఇది కూడా ఉంది కాబట్టి పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకుంటే, పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబు వంటి వెసులుబాట్లు వస్తాయి. ఖర్చు దాదాపు ఏమీ లేదు. అద్భుతం కూడా ఏమీ లేదు. ఆవిడ ముఖంలో కాస్త నిరాశ కనిపించింది. అరవై వేల ప్యాకేజీ ఇచ్చిన ఆశ నేను ఇవ్వలేకపోయాను.

అడ్వాన్సులో సగమే తిరిగి వచ్చిందట. పిల్లవాడు ఇప్పుడు 'క' గుణింతం దాటి 'ప' గుణింతంలో ఉన్నాడు, ఆరు నెలలకు. మొన్న ఆవిడ నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. ఇంకో కంపెనీ బ్రోషర్. వాళ్ల చెల్లెలి కూతురికి ఎవరో చెప్పారట. కింద ఆవిడే రాశారు: "ఈ థెరపీ తీసుకోని పిల్లలతో పోల్చి చూశారా అని అడిగాను సార్. మళ్లీ చేస్తామని ఫోన్ పెట్టేశారు. ఇంకా చేయలేదు."